ఉపకక్ష్య అంతరిక్ష విమానాలకు రెక్కలు నిజంగా అవసరమా?

#1 · నీలిఅంచు

సభ్యులందరికీ నమస్కారం. పర్యాటకులను అంతరిక్షం అంచుదాకా తీసుకెళ్లి, కక్ష్యలో తిరగకుండానే దించే ఉపకక్ష్య వాహనాలు ఇప్పటివరకు రెండు తరహాల్లో వచ్చాయి. ఒకటి రెక్కలున్నది. మాతృవిమానం మధ్యరెక్క కింద వేలాడుతూ కొంత ఎత్తుకు వెళ్లి, అక్కడ విడివడి, సొంత రాకెట్ మోటారు మండించుకుని ఎగసి, చివరికి రన్‌వే మీద దిగుతుంది. వర్జిన్ గెలాక్టిక్ వారి స్పేస్‌షిప్‌టూ ఆ కోవలోది. రెండోది బ్లూ ఆరిజిన్ వారి న్యూ షెపర్డ్. రాకెట్ కొసన క్యాప్సూల్ ఉంటుంది, నిటారుగా వెళ్తుంది, పారాచూట్లతో దిగుతుంది.

రెక్క పనిచేయాలంటే గాలి ఉండాలి. వెళ్లేదేమో గాలి లేని చోటికి. అలాంటప్పుడు ఆ బరువంతా పైకి మోసుకుపోవడం దేనికి? చూడ్డానికి విమానంలా ఉంటుంది, పర్యాటకుడికి ధైర్యంగా ఉంటుంది, అంతకుమించి ప్రయోజనం నాకు కనబడటం లేదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత గుర్తొస్తోంది. కాదనేవారు చెప్పండి, వినడానికి సిద్ధం.

#2 · గ్లైడర్ బాబాయ్

సంపెంగ నూనె అన్నారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

స్పేస్‌షిప్‌టూను మాతృవిమానం వదిలేది సుమారు 14 కిలోమీటర్ల ఎత్తులో. ఆ క్షణంలో వాహనం అడ్డంగా పోతూ ఉంటుంది. మోటారు అంటుకున్నాక ముక్కును పైకి తిప్పి దాదాపు నిట్టనిలువుగా నిలబెట్టేది రెక్కలూ తోకే. మోటారు ఒక నిమిషం మండి ఆగేసరికి చుట్టూ గాలి బాగా పలచబడిపోతుంది. అక్కడినుంచి కొన్ని నిమిషాలపాటు రెక్కలకు పనిలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. అప్పుడు వాహనాన్ని అటూ ఇటూ తిప్పేవి చిన్న థ్రస్టర్లు. అధిక పీడనంలో నింపిన వాయువును సన్నటి రంధ్రాల్లోంచి వదులుతాయి, అంతే. కిటికీల్లోంచి భూమి కనబడేలా వాహనాన్ని వెల్లకిలా తిప్పేది కూడా అవే.

ఇక దిగడం. మోటారు ఆరిపోయిన వాహనం అది, ఇంకోసారి చుట్టు తిరిగి వద్దామంటే కుదరదు. గ్లైడర్ నడిపేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఎత్తు ఎక్కువైతే పారేసుకోవచ్చు, తక్కువైతే ఎక్కడినుంచీ తెచ్చుకోలేం. అందుకే న్యూ మెక్సికోలోని స్పేస్‌పోర్ట్ అమెరికాలో రన్‌వే సుమారు 3.6 కిలోమీటర్ల పొడవు కట్టారు. రన్‌వేను అందుకోగలిగే పరిధి ఆకాశంలో ఒక శంకువు ఆకారంలో ఉంటుంది. పైనుంచి వచ్చేటప్పుడు ఆ శంకువులో పడాలి. పడకపోతే రన్‌వే ఎంత పొడవున్నా ఒకటే.

2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ స్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్ వెళ్లిన యాత్రలో దిగేటప్పుడు ఆ స్పేస్‌షిప్‌టూ వాహనం, పేరు యూనిటీ, తనకు కేటాయించిన గగనతలం నుంచి 1 నిమిషం 41 సెకన్లపాటు బయటికి వెళ్లింది. క్షేమంగానే దిగింది. అయినా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆ సెప్టెంబరు చివరిదాకా మళ్లీ ఎగరనివ్వలేదు.

#3 · నిశాచరి

కొత్త సభ్యురాలిని. బాబాయ్ గారూ, మొదటి మెట్టు ప్రశ్న అడుగుతున్నాను, విసుక్కోకండి. అంత ఎత్తులో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టే కదా అందరూ తేలుతారు? మరి గురుత్వాకర్షణే లేకపోతే వాహనం వెనక్కి ఎలా పడుతుంది?

#4 · సూత్రధారి

నిశాచరి గారూ, మీ రెండో వాక్యమే మొదటిదాన్ని కొట్టేస్తోంది, గమనించారా? మంచి ప్రశ్న.

90 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వాకర్షణ నేలమీద ఉన్నదాంట్లో దాదాపు 97 శాతం ఉంటుంది. భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు. దానిముందు 90 ఏపాటి? తేలడానికి కారణం ఎత్తు కాదు. మోటారు ఆగిన దగ్గరినుంచి వాహనమూ, అందులోని మనుషులూ ఒకే తీరున పడుతూ ఉంటారు. పైకి వెళ్తున్నప్పుడు కూడా అది పడటమే, వేగం క్షణక్షణానికీ తగ్గుతూ ఉంటుంది. కుర్చీ మిమ్మల్ని నెట్టదు, మీరు కుర్చీని నొక్కరు. అందుకే భారం తెలియదు.

లెక్క వేసి చూద్దాం, పెద్ద కష్టమేమీ కాదు. మోటారు ఆగేసరికి వాహనం 40 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 1000 మీటర్ల వేగంతో నిలువుగా పోతోందనుకోండి. గురుత్వాకర్షణ ప్రతి సెకనుకూ ఆ వేగంలో సుమారు 9.6 మీటర్లు తగ్గిస్తుంది. అంటే 104 సెకన్లలో వేగం సున్నా. ఈలోగా ఎక్కే ఎత్తు 52 కిలోమీటర్లు. మొత్తం 92. మళ్లీ గాలి తగిలేదాకా పడటానికి దాదాపు అంతే సమయం. రెండూ కలిపితే మూడు నిమిషాలు దాటుతుంది. ప్రకటనల్లో చెప్పే 'కొన్ని నిమిషాల భారరహిత స్థితి' ఇదే. మోటారు ఆగినప్పుడున్న వేగంతోనే ఆ నిమిషాలు ఖరారైపోతాయి.

కక్ష్యలో తిరగాలంటే సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగం కావాలి, అదీ అడ్డంగా. ఒక్కో కిలో బరువుకు కావలసిన శక్తి ఈ చిన్న యాత్రకంటే 35 రెట్లకు పైనే. ఉపకక్ష్య యాత్రను కక్ష్యా యాత్రకు తమ్ముడని రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. అంత దగ్గరి చుట్టరికం వీటి మధ్య లేదు.

#5 · పొదుపరి

సూత్రధారి గారి లెక్క పక్కన నాదొకటి. వర్జిన్ గెలాక్టిక్ మొదట్లో టికెట్టు 2 లక్షల డాలర్లకు అమ్మింది. తర్వాత రెండున్నర లక్షలు. 2021 ఆగస్టులో నాలుగున్నర లక్షలు చేసింది. మూడు నిమిషాలకు నాలుగున్నర లక్షలంటే నిమిషానికి లక్షన్నర డాలర్లు.

ఇప్పుడు ఇది చూడండి. ఐరోపాలో శాస్త్ర పరిశోధనలకు వాడే ఎయిర్‌బస్ ఎ310 జీరో-జి విమానం ఒక్కో యాత్రలో 31 సార్లు వక్రమార్గంలో ఎగిరి, పడి, మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ 22 సెకన్ల భారరహిత స్థితి. మొత్తం 11 నిమిషాలకు పైనే. రాకెట్ లేదు, ప్రత్యేకమైన ఇంధనం లేదు, మామూలు జెట్ ఇంజన్లు. తేలడమే కావాలంటే ఇది చాలదా? నీలిఅంచు గారు రెక్కలు దండగ అంటున్నారు. నేను యాత్రే దండగ అంటాను. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

#6 · సునాద

పొదుపరి గారూ, 22 సెకన్లు ముక్కలు ముక్కలుగా 31 సార్లు రావడమూ, మూడు నిమిషాలు ఏకధాటిగా ఉండటమూ శరీరానికి ఒకటి కావు. వక్రమార్గపు విమానంలో ప్రతి 22 సెకన్లకు ముందూ వెనకా శరీర బరువు దాదాపు రెట్టింపవుతుంది. లోపలి చెవిలోని ద్రవానికి ఆ ఎగుడుదిగుళ్లతోనే తల తిరుగుతుంది. వాంతులు మొదలైతే మిగతా యాత్రంతా సంచీ పట్టుకుని కూర్చోవడమే.

రాకెట్ యాత్రలో కష్టం మరో రకం. ఎక్కేటప్పుడు మూడు రెట్లకు పైబడిన బరువు, దిగేటప్పుడు ఐదారు రెట్లు. తలనుంచి పాదాలవైపు పడితే మెదడుకు రక్తం అందక కళ్లు మసకబారతాయి. ఛాతీమీదుగా వీపువైపు పడితే అదే బరువును మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు తట్టుకోగలరు. అందుకే స్పేస్‌షిప్‌టూలో దిగేముందు కుర్చీలు వెనక్కి వాలుతాయి. 2021 జులై 20న న్యూ షెపర్డ్‌లో వెళ్లినప్పుడు వాలీ ఫంక్ వయసు 82. 2024 మేలో అదే వాహనంలో వెళ్లిన ఎడ్ డ్వైట్ వయసు 90. అయితే మోటారు ఆగిన క్షణం, బరువు ఒక్కసారిగా మాయమైనప్పుడు, కొందరికి తాము తలకిందులుగా ఉన్నామన్న భ్రమ కలుగుతుంది. ఉన్న మూడు నిమిషాల్లో మొదటి అర నిమిషం అందులోనే పోవచ్చు.

ఇక ఎ310లో నల్లటి ఆకాశం కనబడదు. అందులో కిటికీ దగ్గర కూర్చునే అవకాశమే తక్కువ.

#7 · సూత్రధారి

కిటికీ మాట వచ్చింది కాబట్టి: 11 కిలోమీటర్ల ఎత్తులో ఎగిరే ప్రయాణికుల విమానంనుంచి దిగంతం సుమారు 370 కిలోమీటర్ల దూరం. 90 కిలోమీటర్ల ఎత్తునుంచి 1070. అంటే ఎటు చూసినా వెయ్యి కిలోమీటర్లకు పైగా నేల. దిగంతం కంటికి ఎదురుగా ఉండదు, సమతలానికి దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు కిందికి జారిపోతుంది. వంపు స్పష్టంగా తెలుస్తుంది. కానీ గుండ్రటి బంతిలాంటి భూమిని ఆశించి వెళ్లేవారు నిరాశపడతారు, దానికి ఈ ఎత్తు ఏమూలకూ చాలదు.

#8 · నీలిఅంచు

చర్చ దారి మళ్లుతోంది. నేనడిగింది రెక్కల గురించి.

2014 అక్టోబరు 31. స్పేస్‌షిప్‌టూ మొదటి వాహనం ఎంటర్‌ప్రైజ్ నాలుగోసారి మోటారు మండించుకుని వెళ్తూ మోహావే ఎడారిమీద గాల్లోనే ముక్కలైంది. సహ పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ చనిపోయారు. పైలట్ పీటర్ సీబోల్డ్ వాహనంలోంచి విసిరేసినట్టు బయటపడి, పారాచూట్ దానంతట అదే తెరుచుకోవడంతో బతికారు. ముక్కలవడానికి కారణం మోటారు పేలడం కాదు. కదిలే రెక్క. కదలకూడని సమయంలో కదిలింది. రెక్కలు లేని వాహనానికి ఈ ప్రమాదమే ఉండదు కదా, బాబాయ్ గారూ?

#9 · గ్లైడర్ బాబాయ్

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. తీరిగ్గా రాస్తాను.

రెక్కల వాహనం అంతరిక్షంనుంచి తిరిగి గాలిలోకి వచ్చేటప్పుడు అసలు చిక్కు ఏమిటంటే, ముక్కు ఎటు తిరిగి ఉందన్నది. ఎక్స్-15 సంగతి చూడండి. 1959 నుంచి 1968 వరకు 199 సార్లు ఎగిరిన రాకెట్ విమానం అది, బి-52 బాంబర్ విమానం రెక్క కిందనుంచి వదిలేవారు. 1963లో జో వాకర్ దాన్ని రెండుసార్లు 100 కిలోమీటర్లు దాటించారు. 1967 నవంబరు 15న మైకేల్ ఆడమ్స్ 81 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లినప్పుడు, పైన ఉండగా విమానం ముక్కు మెల్లగా పక్కకు తిరిగిపోయింది. గాలి లేని చోట అలా తిరిగినా విమానానికేమీ కాదు, అది నేరుగానే పోతుంది. గాలి తగలగానే అసలు సంగతి బయటపడింది. ధ్వనికి ఐదు రెట్ల వేగంలో విమానం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఆయన ఆ తిరుగుడు నుంచి బయటపడ్డారు కూడా. కానీ నియంత్రణ వ్యవస్థ ఊగిసలాటలో చిక్కుకుపోయి విమానం విరిగిపోయింది. 199 యాత్రల్లో పోయిన ప్రాణం అదొక్కటే.

విమాన రూపకర్త బర్ట్ రూటాన్ స్పేస్‌షిప్‌టూకు ముందుతరమైన స్పేస్‌షిప్‌వన్ గీస్తున్నప్పుడు ఈ చిక్కునే పట్టుకున్నారు. పైలట్ చేతిమీద ఆధారపడకుండా, కంప్యూటర్‌మీదా ఆధారపడకుండా వాహనం తనంతట తానే సరిగ్గా తిరగాలి. ఆయన కనిపెట్టిన ఉపాయమే ఫెదర్. పైకి వెళ్లాక రెక్క వెనక భాగమూ, తోక దూలాలూ కలిపి సుమారు 65 డిగ్రీలు పైకి మడుచుకుంటాయి. అప్పుడది బ్యాడ్మింటన్ షటిల్ లాంటిది. ఎలా విసిరినా బుడిపె ముందుకు వస్తుంది, ఈకలు వెనక్కి పోతాయి. వాహనం కూడా పొట్ట కిందకు పెట్టి పడుతుంది. పొట్ట వెడల్పు కాబట్టి గాలి ఇంకా పలచగా ఉన్నప్పుడే వేగం తగ్గుతుంది, వేడి కూడా తక్కువ. గాలి దట్టమయ్యాక తోకను మళ్లీ కిందికి దించి గ్లైడర్‌గా మారిపోతుంది.

2004లో స్పేస్‌షిప్‌వన్ మూడుసార్లు 100 కిలోమీటర్లు దాటింది. రెండోసారి, సెప్టెంబరు 29న, మైక్ మెల్విల్ ఎక్కుతుండగా వాహనం తన అక్షం చుట్టూ 29 సార్లు బొంగరం తిరిగింది. ఆయన దాన్ని ఆపి, ఫెదర్ ఎత్తి, ఏమీ జరగనట్టు దింపారు. ఐదు రోజులకు బ్రయన్ బిన్నీ 112 కిలోమీటర్లకు తీసుకెళ్లి కోటి డాలర్ల అన్సారీ ఎక్స్ ప్రైజ్ గెలిపించారు. కోటి డాలర్ల బహుమతికి, ఈ వాహనానికి డబ్బు సమకూర్చిన పాల్ ఆలెన్ పెట్టిన ఖర్చు అంతకు రెండింతలు దాటింది, అది పొదుపరి గారికి వదిలేస్తున్నాను.

కాబట్టి కదిలే రెక్కవల్ల ప్రమాదం వచ్చిందనడం సగం నిజం. దిగేటప్పుడు ప్రాణం కాపాడేదీ అదే.

#10 · సూత్రధారి

మిగతా సగం నేను చెప్తాను, 2014 ప్రమాదంమీద అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిన విషయాలు చదివాను.

ఫెదర్‌కు రెండు దశలున్నాయి. ముందు తాళం తీయాలి, తర్వాత మీట లాగి ఎత్తాలి. తాళం తీయాల్సింది మాక్ 1.4, అంటే ధ్వని వేగానికి 1.4 రెట్లు, దాటాక. ధ్వని వేగానికి దగ్గరలో ఉన్నప్పుడు గాలి తోకను పైకి నెడుతుంది, ఆ ఒత్తిడిని తాళమే ఆపుతుంది. ఆల్స్‌బరీ దాన్ని మాక్ 0.8 దగ్గరే తీశారు. ఎత్తే మీట ఎవరూ ముట్టుకోలేదు, గాలే తోకను ఎత్తేసింది.

అసలు మోటారు మండుతుండగా ఆ తాళంతో పనేమిటి, పైకి వెళ్లాక తీరిగ్గా తీయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తాళం ఇరుక్కుపోయి ఫెదర్ ఎత్తడానికి వీలుకాదని పైన తెలిస్తే చేసేదేమీ లేదు. ఆ సంగతి ముందే తెలియాలి, తెలిస్తే మోటారు ఆపేసి వెనక్కి రావచ్చు. మాక్ 1.8 లోపు తాళం రాకపోతే యాత్ర రద్దు చేయాలన్నది నియమం. అంటే ఒక ప్రమాదాన్ని తప్పించడానికి పెట్టిన పద్ధతి మరో ప్రమాదానికి తలుపు తెరిచింది. ఎక్కేటప్పుడు కుదుపులో, హడావిడిలో, కొన్ని సెకన్ల వ్యవధిలో ఒక మనిషి చేతిలో ఆ తాళం పెట్టారు. వేళకాని వేళ తీస్తే అడ్డుకునే ఏర్పాటు ఏదీ పెట్టలేదు. ఎన్‌టీఎస్‌బీ ప్రధానంగా తప్పుపట్టింది దాన్నే. ఒక్క మనిషి ఒక్క పొరపాటు చేస్తే వాహనం పోతుందన్న అవకాశాన్ని, దాన్ని కట్టిన స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ ముందే ఊహించి కాచుకోలేదని చెప్పింది. ఆ తర్వాతి వాహనం యూనిటీలో అలా వేళకాని వేళ తాళం రాకుండా యాంత్రికమైన అడ్డు పెట్టారు.

#11 · నీలిఅంచు

వివరణకు ధన్యవాదాలు. ఇప్పుడు క్యాప్సూల్ వైపు చూడండి. 2022 సెప్టెంబరు 12న న్యూ షెపర్డ్ మనుషులు లేకుండా పరిశోధన పరికరాలతో వెళ్తూ, బయల్దేరిన నిమిషానికి, దాదాపు 8.5 కిలోమీటర్ల ఎత్తులో ఇంజన్ నాజిల్ దెబ్బతింది. అంతే, క్యాప్సూల్ మధ్యలో ఉన్న తప్పించే మోటారు అంటుకుని దాన్ని రాకెట్‌నుంచి దూరంగా నెట్టేసింది. పారాచూట్లు విచ్చుకున్నాయి. కింది రాకెట్ పోయింది, పైది భద్రం. లోపల మనుషులుంటే వాళ్లూ భద్రమే. స్పేస్‌షిప్‌టూలో ఇలాంటిది ఏముంది? పీడన దుస్తులు కూడా వేసుకోరు, మామూలు యూనిఫాంలో కూర్చుంటారు.

#12 · గ్లైడర్ బాబాయ్

తప్పించే మోటారు లేదు, నిజమే. దాని బదులు మోటారు ఆపేసి వెనక్కి వచ్చే వీలుంది. 2020 డిసెంబరు 12న యూనిటీలో రాకెట్ మోటారు అంటుకోబోతుండగా దాన్ని పర్యవేక్షించే కంప్యూటర్‌తో సంబంధం తెగింది. వ్యవస్థ తనంతట తానే మంటను ఆపేసింది. పైలట్లు గ్లైడ్ చేసుకుంటూ వచ్చి బయల్దేరిన రన్‌వే మీదే దిగారు. వాహనం నష్టం కాలేదు, పారాచూట్లు మడిచే పనిలేదు.

మోటారు రకం కూడా ఇందుకు అనుకూలం. అది హైబ్రిడ్: ఘన రూపంలో రబ్బరు ఇంధనం, దాన్ని మండించడానికి ఆక్సిజన్ అందించే నైట్రస్ ఆక్సైడ్ ద్రవ రూపంలో. ద్రవం వాల్వు మూస్తే మంట ఆరిపోతుంది. ఘన ఇంధన రాకెట్టుకు ఆ సౌకర్యం లేదు.

#13 · తొలకరి

బాబాయ్ గారూ, హైబ్రిడ్ మోటారును మరీ మంచివాడిగా చూపిస్తున్నారు. 2007 జులై 26న మోహావేలో ఈ నైట్రస్ ఆక్సైడ్ ప్రవాహ పరీక్షే పేలి ముగ్గురు చనిపోయారు. అప్పుడు మోటారు మండించనేలేదు, ద్రవాన్ని పారించి చూస్తున్నారంతే. చిన్న మోటారునుంచి పెద్ద మోటారుకు వెళ్లేసరికి మంట ఎగుడుదిగుడుగా మండి వాహనం వణకడం మరో తలనొప్పి. ఒక దశలో రబ్బరు మానేసి నైలాన్ తరహా ప్లాస్టిక్‌కు వెళ్లారు, 2014 యాత్రలో వాడింది అదే. మళ్లీ రబ్బరుకే వచ్చారు. పర్యాటకులతో తొలి వాణిజ్య యాత్ర జరిగేసరికి 2023 అయింది. ఆ ఆలస్యంలో మోటారు వాటా తక్కువేమీ కాదు.

ఇంకొకటి. రబ్బరు కాలితే మసి వస్తుంది. నేలకు దగ్గరగా ఉన్న మసిని వానలు కడిగేస్తాయి, వారాల్లో పోతుంది. వానమబ్బులకు పైనుండే స్ట్రాటోస్ఫియర్ పొరలో వదిలిన మసిని కడగడానికి అక్కడ వానే లేదు, ఏళ్ల తరబడి తేలుతూ సూర్యరశ్మిని పీల్చుకుంటుంది. ఇప్పుడు జరిగే కొద్దిపాటి యాత్రలకు దాని ప్రభావం లెక్కలోకి రాదు. ఏడాదికి వెయ్యి యాత్రలంటే మాత్రం అది వాతావరణ శాస్త్రజ్ఞులు పట్టించుకోవలసిన విషయం. న్యూ షెపర్డ్ హైడ్రోజన్ మండిస్తుంది కాబట్టి దాంట్లోంచి మసి రాదు, వచ్చేది ప్రధానంగా నీటి ఆవిరి.

#14 · పొదుపరి

ఏడాదికి వెయ్యా! తొలకరి గారూ, మీకు ఆ బెంగ అక్కర్లేదు. యూనిటీ మొత్తం మీద అంతరిక్షం అంచుకు వెళ్లింది 12 సార్లు. 2018 డిసెంబరునుంచి 2024 జూన్ దాకా, అంటే ఐదున్నరేళ్లలో. పోనీ వేగంగా ఎగిరిన రోజుల్లోనే చూద్దామా అంటే అదీ నెలకొకటి. 2024 జూన్ 8న చివరి యాత్ర చేయించి దాన్ని విశ్రాంతికి పంపేశారు.

రెక్కల వాహనం విమానంలా దిగుతుంది, విమానంలా తుడిచి, ఇంధనం పోసి, మళ్లీ ఎగరేయవచ్చు అన్నదే కదా ఈ తరహా మీద మొదటినుంచీ చెప్పిన గొప్ప. దిగడం విమానంలాగే ఉంది. మళ్లీ ఎగరడమే విమానంలా లేదు. హైబ్రిడ్ మోటారులో రబ్బరు ఉన్న గొట్టమంతా ప్రతి యాత్రకూ కొత్తది పెట్టాలి. దీనికితోడు మాతృవిమానం ఈవ్ ఒక్కటే. 2008లో తొలిసారి ఎగిరిన విమానం అది. దానికి జలుబు చేస్తే ఊరంతా సెలవు. 2024 జనవరి యాత్రలో దాని బిగింపు దగ్గరి చిన్న పిన్ను ఊడి పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ విషయం తేలేదాకా ఆగాల్సి వచ్చింది.

నీలిఅంచు గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇదీ. రెక్కలు బరువని మీరంటున్నారు. బరువుతో నాకు పేచీ లేదు, అవి మాటిచ్చిన ఆదా ఇవ్వలేదు.

#15 · నీలిఅంచు

ఇది నేననుకున్న దానికంటే గట్టి వాదన. మరి న్యూ షెపర్డ్ లెక్క?

#16 · పొదుపరి

దానికి మాతృవిమానం లేదు, పైలట్లు లేరు, మోటారులో ప్రతిసారీ మార్చాల్సిన గొట్టం లేదు. రాకెట్ తన కాళ్లమీద తానే దిగుతుంది. కానీ 2022 ప్రమాదం తర్వాత మళ్లీ ఎగరడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. ఎవరి ముళ్లు వారికున్నాయి.

#17 · నిశాచరి

ఇంకో సందేహం. ఈ విమానాలే ముందుముందు ఒక ఖండంనుంచి మరో ఖండానికి గంటలో తీసుకెళ్తాయని చాలాచోట్ల చదివాను. నిజమేనా?

#18 · సూత్రధారి

కాదు. రాకెట్ వేగాన్ని నిలువుగా కాకుండా ఏటవాలుగా వాడితే సెకనుకు ఒక కిలోమీటరు వేగానికి దొరికే దూరం మహా అయితే వంద కిలోమీటర్లు. ఖండాలు దాటి 10,000 కిలోమీటర్లు పోవాలంటే సెకనుకు సుమారు 7 కిలోమీటర్లు కావాలి. అంటే దాదాపు కక్ష్యకు వెళ్లినంత పని. వేడి కూడా అంతే. మాక్ 3 దగ్గర ముక్కు కొసన ఆగిన గాలి 340 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది, కొద్దిపాటి రక్షణ పూతతో గట్టెక్కవచ్చు. ఆ పెద్ద వేగాలకు వేల డిగ్రీలు. ఆ వాహనం పూర్తిగా వేరు, స్పేస్‌షిప్‌టూను సాగదీస్తే వచ్చేది కాదు.

#19 · శంఖారావం

ఇంతసేపు చర్చించారు, అసలది అంతరిక్షమే కాదన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. అంతరిక్షానికి హద్దుగా చెప్పే 100 కిలోమీటర్ల కార్మాన్ రేఖ దాటనిదే వ్యోమగామి ఎలా అవుతారు? స్పేస్‌షిప్‌టూ 90 దగ్గరే ఆగిపోతుంది.

#20 · సూత్రధారి

అమెరికా సైన్యం 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు దాటినవారికి వ్యోమగామి పతకాలు ఇచ్చింది, ఎక్స్-15 పైలట్లకు అలాగే వచ్చాయి. ఖగోళ శాస్త్రజ్ఞుడు జొనాథన్ మెక్‌డొవెల్ 2018లో ఉపగ్రహాల కక్ష్యలు విశ్లేషించి, 80 దగ్గర గీత గీయడమే సబబని వాదించారు. 100 అన్నది గుండ్రటి సంఖ్య, అక్కడ ప్రకృతి పెట్టిన కంచె ఏమీ లేదు. 85లో తేలినవాడికీ 105లో తేలినవాడికీ కిటికీలో తేడా కనబడదు.

#21 · శంఖారావం

అయితే 60 చాలంటారా, 50 చాలంటారా? గీత అన్నాక ఒకచోట ఉండాలి.

#22 · నిర్వాహకుడు

ఈ గీత గొడవకు మన వేదికలో వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది. అక్కడికి వెళ్లండి, ఇక్కడ వాహనాల గురించే మాట్లాడుకుందాం.

#23 · సునాద

ప్రయాణికుడి వైపునుంచి ఒక విషయం చెప్పాలి. మామూలు విమానం ఎక్కితే అది భద్రమని ప్రభుత్వం ధ్రువీకరించి ఉంటుంది. ఈ వాహనాలకు అలాంటి ధ్రువీకరణే లేదు. అమెరికాలో 2004 చట్టం ప్రకారం ఎఫ్‌ఏఏ చూసేది ప్రధానంగా కింద నేలమీద ఉన్నవారి భద్రత, వారి ఆస్తుల భద్రత. లోపల కూర్చున్నవారి రక్షణకు నియమాలు పెట్టకుండా ఆ చట్టంలో గడువు విధించారు, దాన్ని మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వచ్చారు. వాహనం భద్రమని ప్రభుత్వం హామీ ఇవ్వడం లేదని రాతపూర్వకంగా తెలియజేస్తారు, తెలిసే ఎక్కుతున్నామని ప్రయాణికులు సంతకం పెట్టాలి. పరిశ్రమ పసిది, ఇప్పుడే నియమాలు బిగిస్తే ఎదగదన్నది వాదన. ఇరవై ఏళ్లు దాటినా పసిదేనా అన్నది నా ప్రశ్న.

మూడు నిమిషాల్లో ఏమి సాధిస్తారని అడిగేవారికి కూడా ఒక ఉదాహరణ. బ్రాన్సన్‌తో వెళ్లిన మన శిరీష బండ్ల ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగం చేశారు. చేతిలో పట్టే గొట్టాల్లో చిన్న మొక్కలు. బరువు మారే ఒక్కో దశలో ఒక్కో గొట్టాన్ని నొక్కితే మొక్క ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే రసాయనంలో నిలిచిపోతుంది. కక్ష్యలోని కేంద్రానికి పంపిన మొక్కలో ఈ మార్పు మొదలయ్యే క్షణాన్ని పట్టుకోవడం కష్టం. పర్యాటకం పేరుతో వచ్చిన వాహనానికి పరిశోధకులే నికరమైన బేరమని నా అభిప్రాయం.

#24 · గ్లైడర్ బాబాయ్

సునాదమ్మ మాటకు నా ఓటు. పరికరం కిటికీ అడగదు.

ఇక మిగతా పోటీదారుల సంగతీ చూడండి. ఎక్స్‌కోర్ సంస్థ లింక్స్ అని చిన్న విమానం మొదలుపెట్టింది. ఒక పైలట్, పక్కన ఒకే ప్రయాణికుడు. మాతృవిమానం అక్కర్లేకుండా రన్‌వే మీదనుంచే లేచిపోవాలి. మొదట 95 వేల డాలర్లకే టికెట్లు అమ్మింది. ఒక్కసారి కూడా ఎగరకుండానే 2017లో దివాలా తీసింది. రాకెట్‌ప్లేన్ సంస్థ దారీ 2010లో అదే అయింది. రెక్కలు పెట్టి గాల్లోకి నిజంగా వెళ్లి పర్యాటకులను దించినది ఒక్క స్పేస్‌షిప్‌టూయే. ఒక్క వాహనాన్ని చూసి రెక్కలన్నిటికీ తీర్పు చెప్పేయడం నాకు నచ్చదు.

#25 · నిశాచరి

వర్జిన్ గెలాక్టిక్ వారు డెల్టా అని కొత్త తరం వాహనాలు కడుతున్నారట కదా, ఆరుగురు ప్రయాణికులతో, 2026లో మొదలుపెడతామని ప్రకటించారు. అవి వచ్చినప్పుడు మనం గమనించాల్సింది ఏమిటి? ఎత్తా?

#26 · సూత్రధారి

ఎత్తు చూడొద్దు, అది 80 దాటుతుంది, ఆ విద్య వాళ్లకు వచ్చు. ఒకే వాహనం మొదటి యాత్ర చేసిన తర్వాత అదే వాహనం రెండోది ఎన్ని రోజులకు చేసిందో రాసిపెట్టుకోండి. వారానికి రెండుసార్లదాకా ఎగరేస్తామని వాళ్లంటున్నారు. యూనిటీ నెలకోసారి ఎగిరింది. పొదుపరి గారి పేచీ అంతా ఆ ఒక్క అంకెమీదే ఉంది.

రెండోది, తోక తాళం ఎవరి చేతిలో పెట్టారన్నది.

#27 · పొదుపరి

మూడోది, ఈవ్‌కు తోడుగా ఇంకో మాతృవిమానం వచ్చిందా లేదా. ఎన్ని డెల్టాలు కట్టినా మోసేది ఒక్కటే అయితే అవి వరుసలో నిలబడాల్సిందే.